చుట్టుకున్న మితి, చెప్పవలసిన జవాబు

విశ్వరహస్యాలను వాడుక తెలుగులో చెప్పవచ్చని నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ నిరూపించింది. అయినా ‘అదనపు మితులు’ అనగానే మన కలాలు తరచు పధ్నాలుగు లోకాల వైపు మళ్ళుతున్నాయి. ఇది భావవాదానికి దొడ్డిదారి.

1921లో కలూజా అయిదో మితిని ప్రతిపాదించాడు. అది అతిచిన్న వలయంగా చుట్టుకొని ఉందని 1926లో క్లైన్ అన్నాడు. వలయం కనిపించదు; కాని దాని చుట్టుకొలత చోటును బట్టి మారవచ్చు. ఆ కొలతే మన నాలుగు మితులలో అదిశ క్షేత్రంగా తేలుతుంది. కాచిగూడ ప్లాట్‌ఫారం మీద గాలికి దిక్కుంది. వేడిమికి ప్రతిచోటా ఒక అంకె మాత్రమే ఉంది. అదిశ అంటే అదే. క్షేత్రమంటే ఇక్కడ పుణ్యస్థలం కాదు.

ఆ క్షేత్రానికి ద్రవ్యరాశి లేకపోతే, గురుత్వాకర్షణలాగే దూరాలకు చేరే మరో బలం కనబడాలి. ప్రయోగాలలో అది కనబడలేదు. కనుక వలయం ఆ కొలత దగ్గరే ఎందుకు నిలిచిందో సిద్ధాంతం చెప్పితీరాలి. అయిదో మితికే నేటివరకు ప్రయోగ సాక్ష్యం లేదు.

పురాణానికి ఈ జవాబుదారీ లేదు. వైజ్ఞానిక రచయిత పాఠకుడికి అందించవలసింది వింతను కాదు, ఈ జవాబుదారీనే. అంతరంగపు లోతులు రాసే కవికీ ఇదే గీటురాయి: లోపలిది బయటి బతుకులో ఏం మార్చింది?