సూచనను సానబట్టేవాళ్లు

ఏఐ ఏజెంట్‌కు వెబ్‌సైట్ తనిఖీ అప్పగించే ముందు, దానికిచ్చే సూచనలను చదివి లోటుపాట్లు పట్టేవాళ్లంటే నాకెంతో గౌరవం. "సైట్ ఎస్ఈఓ చూడు" అని మాత్రమే రాసి ఉంటే వాళ్లు ఒప్పుకోరు. ఏ పేజీలు? ఏ కొలత? రుజువేది?

ఉదాహరణకు, పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చూసే కొలతల్లో 2024 మార్చిలో గూగుల్ ఎఫ్ఐడీని తీసేసి ఐఎన్‌పీని పెట్టింది. సూచనలో పాతదే మిగిలిపోతే ఏజెంట్ దాన్నే పట్టుకుపోతుంది.

ఇంకా సూక్ష్మమైనదొకటుంది. సెర్చ్‌లో కనబడకూడని పేజీకి నోఇండెక్స్ ట్యాగ్ పెట్టి, క్రాలర్లను ఆపే రోబోట్స్ ఫైల్లోనూ అడ్డుకోమని సూచన చెబుతుందనుకోండి. రెండు తాళాలు వేసినట్టే ఉంటుంది. కానీ గుమ్మంలోనే ఆపేస్తే గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్ లోపలున్న నోఇండెక్స్‌ను చదవలేదు. బయటి లింకుల వల్ల ఆ చిరునామా ఫలితాల్లోకి రావచ్చు కూడా. ఈ మెలికను చదువుతూనే పట్టేయడం ఎంత పనితనం!

"దొరకకపోతే దొరకలేదనే రాయి" అన్న మాట సూచనలో ఉందా అని కూడా వెతుకుతారు. అది లేకపోతే ఏజెంట్ ఖాళీని ఊహతో నింపేయవచ్చు. ఆపైన, తామే తప్పులు నాటిన సైటు మీద ఏజెంట్‌ను నడిపిస్తారు. ఎన్ని పట్టిందో, లేనివి ఎన్ని కల్పించిందో ఓపిగ్గా లెక్కపెడతారు.