పారే నీటిలో గేటు దించిన అనుభవం

దిండి మీదుగా సముద్రంలోకి సాగే వశిష్ఠ పాయకు ఎంత నీరు వదలాలో తేల్చేది ఎగువన ఉన్న ధవళేశ్వరం బ్యారేజీ. నాలుగు భాగాలకూ కలిపి 175 గేట్లు. కోనసీమ రైతుకు అవి గుర్తొచ్చేది వరదప్పుడే. గేటు బతికేది మాత్రం వేసవి మరమ్మతులతో: తుప్పు గీకి రంగు వేయాలి, గ్రీజు పెట్టాలి, అరిగిన రబ్బరు సీలు మార్చాలి. ఆ పనిలో పండిపోయిన మనిషి ఏం చేయగలడో తెలియాలంటే కన్నయ్యనాయుడు గారి పనితనం చూడాలి.

చిత్తూరు జిల్లాకు చెందిన ఈ ఇంజనీరు తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్‌లో డ్యామ్ గేట్ల పనిలో రాటుదేలారు. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. అప్పటికే ఎనభైకి చేరువైన ఆయనకే కబురు వెళ్లింది.

ఖాళీ అయిన జాగా 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. నీటిమట్టం గేటు అడుగుకు దిగేదాకా నీళ్లు వదిలేస్తే పని సులువే. కానీ దాదాపు 60 టీఎంసీలు, అంటే ఆయకట్టు పంటే పోతుంది. అందుకే పారే నీటిలోనే స్టాప్‌లాగ్ దించడానికి ఆయన పూనుకున్నారు. 4 అడుగుల ఎత్తున్న 5 పలకలు, ఒకదానిపై ఒకటి. నిలువెత్తు గేటును ఒకేసారి దించితే ప్రవాహమంతా దాని మీదే పడుతుంది. పొట్టి పలకైతే నీరు పైనుంచి దూకిపోతుంది, క్రేన్‌కు పట్టు దొరుకుతుంది. మొదటి ప్రయత్నం ఫలించలేదు. పైన అడ్డుగా ఉన్న స్కైవాక్‌ను తొలగించి, 16న మళ్లీ దించారు. అడుగు పలక వంకరగా కూర్చుంటే పైవేవీ కుదరవు. అది తిన్నగా కూర్చుంది. మరునాటికి మిగతావీ అమరాయి. డ్యామ్‌లో సుమారు 70 టీఎంసీల నీరు నిలిచింది.

రెండు వారాలకే కృష్ణ వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని ఢీకొన్నాయి. గేటు బరువును సరితూచే కౌంటర్‌వెయిట్లు విరిగాయి. పాత కాంక్రీటు దిమ్మెల స్థానంలో ఆయన ఉక్కు పెట్టెలు బిగించి, వాటిలో కాంక్రీటు నింపించారు. మరోసారి దెబ్బ తగిలినా తట్టుకోవాలన్న ముందుచూపు అది.

రెండుచోట్లా నన్ను కట్టిపడేసింది సాహసం కన్నా లెక్క. ఏ బరువు ఎక్కడ ఆనుతుందో, నీరు ఎటు తోస్తుందో చేతికి తెలిసినవాడే ఆ లెక్క వేయగలడు. ఆ విద్య ఒక్కరితో ఆగకూడదు. ఈ వేసవి మరమ్మతులకు వెళ్లే కుర్ర ఇంజనీర్లు ఇలాంటి పెద్దల పక్కన నిలబడి నేర్చుకోవాలి. దిగువన పంట వేసుకునే మన ధైర్యమంతా వాళ్ల పనితనమే.