అరికాళ్ళు

పిల్లల వార్డులో నేను తిన్న మొదటి తిట్టు ఒక చొక్కా గురించి. జ్వరమని తల్లి ఎత్తుకొచ్చిన ఏడాదిన్నర పిల్లోడు. చొక్కా పైకెత్తి స్టెతస్కోపు పెట్టాను, గొంతు చూశాను, వైరల్ జ్వరమని రాసేశాను. మా పెద్ద డాక్టరుగారు రౌండ్సుకొచ్చి, చీటీ చూసి, మాట్లాడకుండా బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా విప్పించారు. తొడ సందులో చీముగడ్డ. ‘వాడు చెప్పలేడు కదయ్యా. చెప్పలేనోణ్ణి ఒళ్ళంతా చూడాలి’ అన్నారు. ఇంకా చాలా అన్నారు, అవి పేపర్లో రాసేవి కావు.

సెప్టెంబరు వస్తే ఆ మాట మళ్ళీ చెవిలో పడుతుంది. ఎందుకంటే సెప్టెంబరు 3 వరంగల్ రామనాథం గారు పోయిన రోజు.

నేనాయన్ని చూడలేదు. మా ఆదోని ఎక్కడ, వరంగల్ ఎక్కడ. 1985లో నేనింకా తెల్లకోటు మడత నలగని వయసులో ఉన్నాను. హాస్టల్లో పేపరు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చదివాం. డాక్టర్ ఎ. రామనాథం పిల్లల వైద్యుడు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి ఉపాధ్యక్షుడు. ఆ సంఘం 1974లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా మొదలైంది, తర్వాత చాలా ఏళ్ళు కె.జి. కన్నబిరాన్ నడిపించారు. పోలీసులు ఎవరినైనా పట్టుకుపోయి ‘ఎదురుకాల్పుల్లో పోయాడు’ అంటే ఆ ఊరికి పోయి, ఎవరు చూశారు, ఎప్పుడు పట్టుకున్నారు, శవం ఎలా ఉంది అని అడిగి రాసుకొచ్చే పని వాళ్ళది. పొద్దున క్లినిక్కులో దగ్గులు, విరేచనాలు చూసే మనిషికి అది అదనపు పని అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

సెప్టెంబరు 2న కాజీపేట రైల్వే స్టేషన్లో ఎస్.ఐ. యాదగిరి రెడ్డిని నక్సలైట్లు కాల్చి చంపారు. అదీ హత్యే, ఆయనకూ ఇల్లుంది. మర్నాడు ఆయన శవయాత్రలో పోలీసులు తుపాకులతో నడిచారు. ఊరేగింపు వెళ్ళే దారిలోనే రామనాథం గారి క్లినిక్కు. ఊరేగింపులోంచి విడివడిన మఫ్టీ పోలీసులు లోపలికి చొరబడి ఆయన్ని కాల్చారు. పట్టపగలు. ఇప్పటికి నలభై ఏళ్ళు దాటింది, ఆ పనికి ఒక్కరికీ శిక్ష పడలేదు. అదే ఏడాది జనవరిలో జగిత్యాలలో గోపి రాజన్న, మరుసటేడు కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డి, 1991లో వరంగల్లోనే నర్రా ప్రభాకర్ రెడ్డి. ఒకే సంఘంలో మనుషులు ఇలా వరసగా హత్యకు గురవుతుంటే మిగిలినవాళ్ళు ఆఫీసు తలుపు తెరిచి ఎలా కూర్చున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

వాళ్ళలో ఒకరి మీద మాకు కొంచెం దాయాది హక్కుంది. బాలగోపాల్ పుట్టింది బళ్ళారిలో, 1952లో. అప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కూడా బళ్ళారి జిల్లావే. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మమ్మల్ని కర్నూలులో కలిపారు. ఆయన వరంగల్లో లెక్కల మాస్టారు, రామనాథం గారితో కలిసి పనిచేసిన మనిషి. ఆయన రాసిన నిజనిర్ధారణ నివేదికలు చదివితే నాకు కేసు షీటు చదివినట్టే ఉంటుంది. ఎప్పటి నుంచి? ముందేం జరిగింది? ఆ సమయంలో పక్కన ఎవరున్నారు? ఇప్పుడెలా ఉంది? రోగి చరిత్ర రాసుకోవడానికి మాకు నేర్పే నాలుగు ప్రశ్నలూ అవే. అయితే మేం జ్వరం దగ్గర ఆగిపోతాం, వాళ్ళు ఆగరు.

మా పడమటి మండలాల్లో ఆగకుండా అడిగితే ఎంత దూరం పోవాల్సి వస్తుందో చెబుతాను. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి వానలు తప్పిన ఏడు జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీతకు. ఇంటికి తాళం, ముసలామెకు రేషను కార్డు, చంకలో బిడ్డ. మళ్ళీ ఎండలు ముదిరాక ఆ బిడ్డను మా దగ్గరికి తెస్తారు. బరువు కార్డు తీసి చూస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి గళ్ళు ఖాళీ. గీత ఎక్కడ తెగిందో అక్కడి నుంచి రెండు గళ్ళు కిందికి దిగి మళ్ళీ మొదలవుతుంది. ఆ ఖాళీ గళ్ళకు మందు నా దగ్గర లేదు. టానిక్కు రాసిచ్చి పంపేవాణ్ణి. తల్లులు అది కొనుక్కుని దండం పెట్టి పోయేవాళ్ళు. ఆ దండం పుచ్చుకోవడానికి సిగ్గేసేది, అయినా పుచ్చుకునేవాణ్ణి.

అయితే ఈ వారం నేను రాయాలనుకున్నది టానిక్కు గురించి కాదు, సర్టిఫికెట్ గురించి. గాయాల సర్టిఫికెట్, ఊండ్ సర్టిఫికెట్ అంటారు. కర్నూలు జిల్లాలో కాజువాలిటీ డ్యూటీ చేసిన ప్రతి డాక్టరుకూ దాని రుచి తెలుసు. ఎం.ఎల్.సి. అనే మెడికో లీగల్ కేసుల రిజిస్టరు, కింద కార్బన్ పేపరు, గాయం ఎక్కడ, పొడవెంత, వెడల్పెంత, రంగేంటి, ఎన్నాళ్ళది, సింపులా గ్రీవియస్సా. ఆ చివరి మాట మీద కేసు నడుస్తుంది. పన్ను ఊడితే గ్రీవియస్ అని అప్పటి ఐపీసీ 320లో ఉండేది. ఆ సంగతి మా ఫోరెన్సిక్ మాస్టారు చెప్పకముందే ఊళ్ళో పెద్దమనుషులకు తెలుసు. ఒకసారి ఎమ్మిగనూరు వైపు పల్లె నుంచి ఒకాయన తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చాడు. జేబులోంచి కాగితప్పొట్లం తీసి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే దవడపన్ను.

‘రాత్రి కొట్టినార్సార్. గ్రీవియస్ రాయల్ల.’

నోరు తెరిపించి టార్చి వేశాను. ఊడిన చోట చిగురు నున్నగా మూసుకుపోయింది, ఆరు నెలల కింది సంగతి. ‘ఏమప్పా, ఈ పన్ను పోయిన సంకురాత్రికి ఊడినట్టుందే’ అన్నాను. ఆయనా నవ్వాడు. పొట్లం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంకో డాక్టరు దగ్గర పనికొస్తుందేమోనని. ఆ రోజు ఇంటికి పోయి మా ఆవిడకు గొప్పగా చెప్పుకున్నాను, మనం రాస్తే నిజమే రాస్తామని.

అది జరిగిన కొన్నాళ్ళకే. ఏ ఆస్పత్రో, ఏ స్టేషనో చెప్పను, తప్పు నాది కాబట్టి. ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒక మనిషిని తీసుకొచ్చారు. పత్తి బేళ్ళు మోసే హమాలీ. కనుబొమల మీద, చెవుల దగ్గర వెంట్రుకల్లో దూది నూగు ఇంకా అంటుకునే ఉంది. మిల్లులో ఏదో పోయిందట. ‘ఫిట్ అని రాసియ్యండి సార్, జడ్జిగారు లేచిపోతారు’ అని ఒకాయన తొందరపెట్టాడు. ఆ మనిషి తలుపు దగ్గర నుంచి బల్ల దాకా నాలుగడుగులు నడిచాడు. పాదం అంచుల మీద నడిచాడు, కాలే ఇసుక మీద నడిచినట్టు. అది నేను చూశాను. కాళ్ళకు టైరు చెప్పులు.

‘ఎవురన్నా కొట్టినారా?’ అని అడిగాను, ఇద్దరు కానిస్టేబుళ్ళూ చెరో పక్క నిలబడి ఉండగా.

‘లేదు సామీ. పడినా.’

చొక్కా ఎత్తాను. వీపు మీద జంట గీతలు. లాఠీ దెబ్బ పడితే మధ్యలో చర్మం తెల్లగా ఉండి రెండు పక్కలా కమిలిపోతుంది, రైలు పట్టాల్లాగా. పుస్తకాల్లో ఉండే పేరు కూడా అదే. నల్లటి ఒంటి మీద రంగు తొందరగా తేలదు, వేలితో నొక్కి, వెలుతురు వైపు తిప్పి చూడాలి. మొదటి రోజు ఎరుపు, తర్వాత నీలం, నాలుగైదు రోజులకు పచ్చ, వారం పది రోజులకు పసుపు. నేను వెలుతురు వైపు తిప్పలేదు. చెప్పులు విప్పించలేదు. ‘వీపు మీద కొన్ని పాత కమిలిన గుర్తులు, సింపుల్. ఆరోగ్యం బాగుంది’ అని రాసి సంతకం పెట్టి ముద్ర గుద్దాను. అబద్ధపు పన్ను పట్టుకున్న చేత్తోనే.

బయట వేపచెట్టు కింద ఆయన భార్య కూర్చుని ఉంది. నేను టీకి పోతుంటే లేచి నిలబడింది. ‘రాసినావా నాయనా?’ అంది.

‘రాసినా తల్లీ’ అన్నాను.

చెప్పలేనోడు అంటే మాటలు రాని పసిబిడ్డేనని అనుకున్నాను నేను అన్నాళ్ళూ. పెద్దాయన తిట్టింది ఆ హమాలీ గురించి కూడానని తెలియడానికి చాలా కాలం పట్టింది. రామనాథం గారిని మంచి డాక్టరనీ, అదికాక హక్కుల నాయకుడనీ రెండుగా చేసి చెబుతారు. నాకలా కనబడడు. పిల్లల వైద్యం చేసేవాడికి రోజూ ఎదురుగా ఉండేది నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషి. తెచ్చినవాళ్ళు చెప్పింది విని, నమ్మకుండా, ఒళ్ళు చూసి తెలుసుకోవాలి. ఆ అలవాటు ముదిరితే ఠాణాలోంచి వచ్చిన శవం గురించి తెచ్చినవాళ్ళు చెప్పింది కూడా నమ్మబుద్ధి కాదు.

ఆయన పోయిన ఆ సెప్టెంబరులోనే దక్షిణాఫ్రికాలో పోర్ట్ ఎలిజబెత్ అనే ఊళ్ళో వెండీ ఆర్ అనే సర్కారు డాక్టరమ్మ కోర్టుకెక్కింది. పాతికేళ్ళు కూడా లేవు. జైల్లో నిర్బంధితులను చూడటం ఆమె డ్యూటీ. రోజూ అవే దెబ్బలు చూసి, రాసుకుని, పోలీసుల మీద అఫిడవిట్ వేసింది, ఇకమీదట కొట్టకూడదని ఉత్తర్వు తెచ్చింది. ఆమె పై అధికారి ఐవర్ లాంగ్. 1977లో వర్ణవివక్ష మీద పోరాడిన నాయకుడు స్టీవ్ బీకోను, ఒకప్పటి మెడికల్ విద్యార్థిని, పోలీసు కస్టడీలో పరీక్షించిన డాక్టరు ఆయనే. పెదవి చిట్లి ఉంది, చేతులూ కాళ్ళూ వాచి ఉన్నాయి. ఏ లోపమూ కనబడలేదని లాంగ్ సర్టిఫికెట్ రాశాడు. అయిదు రోజులకు బీకో చనిపోయాడు. ఈ కథ మొదటిసారి చదివిన రాత్రి నాకు వెండీ ఆర్ మీద గౌరవం కన్నా ముందు లాంగ్ చేతిరాత మీద అనుమానమొచ్చింది, అది నాదేనేమోనని.

చట్టం మాత్రం మెరుగైంది. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, కస్టడీలో ఉన్న మనిషికి 48 గంటలకొకసారి వైద్య పరీక్ష చేయించాలంది. 2009 నుంచి అరెస్టయిన ప్రతి మనిషినీ డాక్టరు చూసి, గాయాలుంటే అవి సుమారు ఎప్పటివో రాయాలి, ఆ కాగితం నకలు ఆ మనిషికివ్వాలి. ఇప్పుడది కొత్త నాగరిక సురక్షా సంహితలో 53వ సెక్షన్. చట్టం చాలా మంచిదే గానీ, చెప్పులు విప్పించమని అందులో లేదు.

రిటైరయ్యాక కుర్ర డాక్టర్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. మొన్న రాత్రి ఎమ్మిగనూరు నుంచి ఒకమ్మాయి. రిమాండుకు పంపే ముందు ఒకతన్ని తెచ్చారట.

‘ఏం దెబ్బల్లేవు అంటున్నాడు సార్. వీపు చూశాను, ఏం లేదు. రాసేయమంటారా?’

‘కానిస్టేబులు ఎక్కడున్నాడమ్మా?’

‘బయటికి పంపించేశాను సార్.’

నాకు తోచడానికి ఇరవై ఏళ్ళు పట్టిన పని. ‘చెప్పులు?’ అన్నాను.

‘వేసుకునే ఉన్నాడు.’

‘విప్పించు.’

ఫోను బల్ల మీద పెట్టినట్టుంది. ‘అన్నా, చెప్పులు ఇడిసి బోర్లా పండుకో’ అనడం వినబడింది. బల్ల కిర్రుమంది. కాసేపు ఏమీ లేదు, ఫ్యాను చప్పుడు తప్ప.

‘బాగానే ఉన్నాయి సార్. నొక్కి చూశాను. ఏమీ లేవు.’

‘అయితే అదే రాయమ్మా. అరికాళ్ళు చూశాను, గాయాల్లేవు అని. చూశానని కూడా రాయి.’