హెచ్చరిక రాకూడని చోట

వరద రోజుల్లో సారపాకలో అందరి నోటా అంకెలే. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 దాకా వచ్చింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. 1986లో అయితే 75.6. కోడ్‌కు టెస్టులు రాయడం ఇక్కడి పిల్లలకు చెప్పాల్సివస్తే నేను ఈ అంకెలే తీసుకుంటాను.

43 దగ్గర హెచ్చరిక రావాలన్న టెస్టు ఎవరైనా రాస్తారు. 42.9 దగ్గర రాకూడదన్నది రాయమంటే, "రానిదానికి టెస్టేంటి సార్?" అంటారు. నాకు అదే ముఖ్యం. అక్కర్లేని హెచ్చరిక ఒకటి రెండుసార్లు వచ్చిందంటే, నిజంగా వచ్చిన రోజున ఎవరూ సామాన్లు సర్దరు.

రూబీ భాషలో రయాన్ డేవిస్ రాసిన మినీటెస్ట్ అనే చిన్న లైబ్రరీలో ఇందుకోసమే రిఫ్యూట్ అనేది ఉంది. లోపల అది చేసేది విలువను తిరగేసి, నిజమేనా అని చూసే అసర్ట్‌కు ఇవ్వడమే. ఆ మాత్రానికి వేరే పేరెందుకో టెస్టు ఫెయిలైనప్పుడు తెలుస్తుంది. మనమే తిరగేసి ఇస్తే అసర్ట్‌కు కనిపించేది 'ఫాల్స్' ఒక్కటే, మనకు చెప్పేదీ అదే. రిఫ్యూట్ మాత్రం తిరగేయకముందు ఉన్నదాన్ని చూపిస్తుంది: ఉండకూడని చోట 'మొదటి హెచ్చరిక' ఉందని. తప్పు వెతికేవాడికి ఆ ముక్క చాలా విలువైనది.

ఒక్క చోట దాన్ని నమ్మను. రూబీలో నిల్ కూడా ఫాల్స్ కిందే లెక్క. కొలత అందనప్పుడు నిల్ తిరిగొచ్చేలా రాసిన కోడ్‌ను కూడా రిఫ్యూట్ పాస్ చేసేస్తుంది. నీరు తక్కువగా ఉండటం, నీరెంతుందో తెలియకపోవడం రెండూ ఒకటైపోతాయి. రాత్రంతా మేలుకుని గోదారి మట్టం కనుక్కునేవాళ్లకు ఆ తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. పైథాన్‌లోని అసర్ట్‌ఫాల్స్ కూడా నన్‌నీ, సున్నానీ, ఖాళీ లిస్టునీ అలాగే వదిలేస్తుంది. అందుకే ఇలాంటి చోట రూబీలో ఫలితం అచ్చంగా ఫాల్సేనా అని అసర్ట్ ఈక్వల్‌తో అడగమంటాను. కొలత లేకపోతే ఎర్రర్ రావాలని ఇంకో టెస్టు పెట్టిస్తాను.

ఎప్పుడూ ఫాల్సే ఇచ్చే కోడ్‌కు కూడా 42.9 టెస్టు పాసే. 43 టెస్టు పక్కనుంటేనే దానికి అర్థం. రెండూ పాసయ్యాక కోడ్‌లోని 43ను 42 చేయమంటాను. అప్పుడు 42.9 టెస్టు ఫెయిల్ కావాలి. అది కళ్లారా చూసి, అంకె మళ్లీ సరిచేసి, ఆ తర్వాతే 48కి వెళతాం.