లాకు, కాటన్, కాట్: తెలుగు లిపిలో ఇంగ్లీషు ఉచ్చారణ

గోదావరి డెల్టాలో కాలువకు అడ్డంగా తలుపులు కట్టి నీటిమట్టాన్నీ పడవల రాకపోకలనూ అదుపుచేసే కట్టడాన్ని 'లాకు' అంటారు. ఇది కాలువలతో పాటు వచ్చిన ఇంగ్లీషు మాట. మాట చివర హల్లు నిలవక 'ఉ' చేరింది. పెదవులు గుండ్రంగా చేసి పలికే ఆ హ్రస్వాచ్చు మనకు లేదు గనుక దీర్ఘమైన 'ఆ' వచ్చింది. డాక్టరు, ఆఫీసు, కాఫీ, చివరికి 1852లో ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన కాటన్ దొర పేరు కూడా ఈ దారినే నడిచాయి.

వాడుకలో ఇది తప్పు కాదు. లాకు ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు ఇదే పద్ధతిని ఉచ్చారణ పాఠంగా అచ్చువేయడంతోనే చిక్కు. మంచం అనే అర్థమున్న మాట పక్కనా, 'పట్టుకున్నాడు' అనే అర్థమున్న మాట పక్కనా 'కాట్' అనే ఉంటుంది. బ్రిటిష్ ఉచ్చారణలో మొదటిది హ్రస్వం, రెండోది దీర్ఘం. పడమరా 'వెస్టే', బనియనూ 'వెస్టే'. పడమరకు పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. బనియనుకు పై పళ్లు కింది పెదవిని తాకాలి. రెండింటికీ ఒకే 'వ' రాస్తే తేడా ఎలా తెలుస్తుంది? అమలాపురంలోనో రాజోలులోనో ఒంటరిగా చదువుకునే విద్యార్థికి పలికి వినిపించే గురువు ఎదురుగా ఉండడు. ఆ తెలుగు అక్షరాలే అతనికి గురువు.

అలాగని తెలుగు లిపిని పూర్తిగా తీసివేయాలనే వాదంతో ఏకీభవించలేము. 'నైఫ్' అని రాయగానే మొదటి 'కె' పలకదని క్షణంలో తెలుస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు ముందు స్పానిష్ వారి స్థితీ ఇంచుమించు మనదే. వారి భాషనూ చాలావరకు రాసినట్టే చదువుతారు. బి, వి అక్షరాలకు వారికి ఒకే ధ్వని. స్కూలును 'ఎస్కూల్' అంటారు. మన పల్లెల్లో 'ఇస్కూలు' విన్నవారికి అది వింత కాదు.

నా అసలు అభ్యంతరం వేరు. తెలుగులో ఉన్న సాధనాన్నే ఈ పుస్తకాలు వాడుకోవు. జున్ను, జోరు మాటల్లోని 'జ' దంత్యం. జీతం, జెండా మాటల్లోనిది తాలవ్యం. ఒకసారి పైకి పలికి చూడండి. పాత వ్యాకరణాలు ఈ దంత్యాన్ని 'ౙ' అని ప్రత్యేకంగా గుర్తించాయి. సున్న అనే అర్థంలో 'జీరో' అని రాస్తే పాఠకుడు సహజంగా జీతంలోని 'జ'నే పలుకుతాడు. జున్నులోని 'జ'తో మొదలుపెట్టి, నాలుక పైన తగలకుండా గాలిని సాగదీయమంటే సరైన ధ్వనికి చేరతాడు. ఇంత తేలిక సూచన ఒక్క వాక్యంలో ఇవ్వవచ్చు.

ఊనిక సంగతి మరీ అన్యాయం. ఫొటోగ్రాఫ్, ఫొటోగ్రఫీ అని రెండింటినీ ఒకే తీరున రాస్తారు. మొదటిదాంట్లో ఊనిక తొలి అక్షరం మీద పడుతుంది. రెండోదాంట్లో అది 'టా' మీదికి జరిగి, తొలి అచ్చు దాదాపు మాయమవుతుంది. ప్రతి అచ్చునూ నిండుగా పలికే మనకు ఇదే అన్నిటికన్నా కష్టం. ఊనిక పడే అక్షరాన్ని లావుగా అచ్చువేయడానికి అదనపు ఖర్చేమీ కాదు.