లుబ్ధక నక్షత్రము – డోగానుల గాథ

రాత్రివేళ ఆకాశమున కనబడు నక్షత్రములలో మిక్కిలి ప్రకాశవంతమైనది లుబ్ధకము. దీనినే మృగవ్యాధుడనియు, పాశ్చాత్యులు సిరియస్ అనియు అందురు. దీనికి ఒక చిన్న తోడు నక్షత్రము కలదు; అది మామూలు కంటికి కనబడదు. ఆఫ్రికా ఖండమున మాలీ దేశములో నివసించు డోగాను జాతివారికి ఈ తోడు నక్షత్రము దుర్భిణి లేకయే తెలియుననియు, లుబ్ధక మండలమునుండి దిగివచ్చిన జీవులే వారికి ఆ సంగతి తెలిపిరనియు ఒక వాదము కలదు. రాబర్ట్ టెంపుల్ 1976లో ప్రకటించిన ‘ది సిరియస్ మిస్టరీ’ అను గ్రంథము ఈ వాదమునకు విశేష వ్యాప్తి కలిగించినది. ఇది వినుటకు ఎంత ఇంపుగా నున్నను, పరిశీలించి చూచినచో దీని పునాది చాల బలహీనమైనదని తేలును.

మొదట శాస్త్రజ్ఞుల కథ. లుబ్ధకము తిన్నగా సాగక అటునిటు ఊగుచు పోవుచుండుట గమనించి, కంటికి కనబడని తోడు ఒకటి దానిని లాగుచుండవలెనని జర్మన్ ఖగోళజ్ఞుడు బెస్సెల్ 1844లో ప్రకటించెను. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ ఒక కొత్త దుర్భిణిని పరీక్షించుచు దానిని కన్నులార చూచెను. ఈ రెండు నక్షత్రములు సుమారు 50 సంవత్సరముల కొకసారి పరస్పర ప్రదక్షిణము పూర్తిచేయును. తోడు నక్షత్రము పరిమాణమున ఇంచుమించు భూమియంతయే. ద్రవ్యరాశి మాత్రము సూర్యునితో సమానము. ఇంతటి సాంద్రతగల నక్షత్రము కలదను వార్త 1920 తరువాత సామాన్య పాఠకులకు సైతము చేరినది.

ఫ్రెంచి మానవశాస్త్రజ్ఞుడు మార్సెల్ గ్రియోల్ 1931లో మొదటిసారి డోగానుల ప్రాంతమునకు వెళ్లెను. ఆయనయు జెర్మేన్ డీటర్లెన్ అను విదుషియు కలిసి 1950లో ఒక వ్యాసము ప్రకటించిరి. లుబ్ధకముచుట్టు ‘పో తోలో’ అను చిన్న నక్షత్రము తిరుగుచుండుననియు, అది మిక్కిలి బరువైనదనియు డోగానులు చెప్పినట్లు అందు వ్రాసిరి. ‘పో’ యనగా డోగానులు పండించు అతి సన్నని ధాన్యపుగింజ. ‘తోలో’ యనగా నక్షత్రము. సాధనములు లేనివారికి ఈ సంగతి ఎట్లు తెలిసినదను ప్రశ్నను ఆ ఇరువురును చర్చించలేదు. వారు విడిచిన ఆ ఖాళీలో టెంపుల్ తన ఆకాశజీవులను ప్రవేశపెట్టెను.

గాథలను పరిశోధించువాడు మొదట అడుగవలసిన ప్రశ్నలు మూడు: ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఎవరితో చెప్పిరి? ఇచట చెప్పినవారు కొద్దిమంది మాత్రమే. చెప్పిన కాలము, క్లార్క్ ఆ నక్షత్రమును చూచిన ఎనుబది సంవత్సరములకు తరువాతిది. విన్నవారు యూరపునుండి వచ్చిన విద్యావంతులు. డోగానుల దేశము అప్పటికే ఫ్రెంచివారి పాలనలో నుండెను. బయటి లోకపు వార్త అచటికి చేరుటకు ఆకాశయానము అవసరము లేదు.

మరియొక ఆధారము కూడ కలదు. గ్రియోల్, డీటర్లెన్‌ల పేర 1965లో వెలువడిన గ్రంథములో డోగానులు బృహస్పతికి నాలుగు ఉపగ్రహములు చూపినట్లున్నది. గెలీలియో 1610లో చిన్న దుర్భిణితో చూచినవియు నాలుగే. అయిదవది 1892లో కనబడినది. నేడు తొంబదికి మించి తెలియును. గ్రహాంతర యాత్రికులు పాఠము చెప్పియుండినచో నాలుగింటితో ఆగుదురా? ఈ లెక్క చిన్న దుర్భిణి వైపే వ్రేలు చూపుచున్నది.

డచ్చి మానవశాస్త్రజ్ఞుడు వాల్టర్ వాన్ బీక్ చాలకాలము డోగానుల మధ్య పనిచేసి, 1991లో తన ఫలితములను ప్రకటించెను. లుబ్ధకము జంటనక్షత్రమను జ్ఞానము ఆయనకు జనసామాన్యములో కనబడలేదు. గ్రియోల్‌కు సమాచారమిచ్చిన వారిలో కొందరు చెప్పిన సంగతులు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ నక్షత్రమును గూర్చి గ్రియోల్ వలననే వింటిమని వారు చెప్పిరి. గ్రియోల్ కుమార్తె, స్వయముగా డోగాను భాషను పరిశోధించిన జెన్వియేవ్ కలామ్-గ్రియోల్, ఈ విమర్శను గట్టిగా ఖండించెను. ఆ ఖండనమును గూడ పాఠకునికి తెలుపుట న్యాయము. గ్రియోల్ అబద్ధమాడెనని అనవలసిన పని లేదు. అడుగువాని మాటలోనే జవాబు దాగియుండుటయు, అతిథిని సంతోషపెట్టుటకు ఇంటివారు ఔననుటయు లోకములో అరుదు కాదు.

టెంపుల్ దోషము వేరు. డోగానుల గాథలలో ‘నొమ్మో’ అను జలదేవతలు కలరు. వారిని ఆయన అన్యలోక యాత్రికులుగా లెక్కించి, దేవతల కథను ప్రయాణ నివేదికవలె చదివెను. ఇందువలన నష్టపోయినవారు డోగానులే. అరువది సంవత్సరముల కొకసారి వారు జరుపుకొను ‘సిగి’ ఉత్సవమును, 1967 మొదలు 1973 వరకు జరిగినదానిని, జాన్ రూష్ చలనచిత్రముగా తీసెను. ఒక సన్నని గింజలో లోకమునంతయు చూడగల ఊహ వారిది. ఆ ఊహను ఆకాశజీవుల ఖాతాలో వ్రాయుట ఆ ప్రజల తెలివిని అపహరించుటయే.

ఇట్టి పొరపాటు మన పాఠశాలలలోను జరుగవచ్చును. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. ఆ పేరు వెనుక కథను సేకరింపబూనిన విద్యార్థి, ముందుగా నక్షత్ర పటమును చూపి ‘ఇది ఏడు నక్షత్రముల గుంపు కదా, తాతా?’ అని అడుగరాదు. ‘తాతా, ఆ చుక్కలను మీరేమందురు?’ అని అడిగి ఊరకుండవలెను. చెప్పినమాట చెప్పినట్లే వ్రాసి, ఊరును తేదీని వేసి, తన అభిప్రాయమును వేరు పుటలో వ్రాయవలెను. ఇంకొక యింట, ఇంకొక ఊర మరల అడుగవలెను. రెండు కథలు కలియనిచో రెండింటిని ఉంచవలెను. ఒకదానిని దిద్ది రెండవదానితో కలుపరాదు.