పరోపకారంలో స్వార్థమెంత? - బాట్సన్ గ్రంథ విమర్శ

ఒకడు దానం చేసినాడు. పేరు కోసం చేసినాడన్నారు. మరొకడు పేరు చెప్పకుండ చేసినాడు. పుణ్యం కోసమన్నారు. పుణ్యపాపాలను నమ్మని మూడవవాడు కూడ చేసినాడు. తన మనస్సుకు తృప్తి కలుగుతుందని చేసినాడన్నారు. ఈ కడపటి మాటకు సామాన్యంగా ఎవరూ బదులు చెప్పలేరు. అనేవారు అదే తమ వాదానికి బలమనుకొంటారు. శాస్త్రదృష్టితో చూస్తే అది బలం కాదు, లోపం. ఏమి జరిగినా తప్పని తేలడానికి వీలులేని మాట, ఏమి జరుగబోతుందో కూడ చెప్పలేదు. తరగతిలో ఈ వాదం లేవదీసే చురుకైన విద్యార్థికి ఉపాధ్యాయుడు మొదట చూపవలసిన సంగతి ఇదే.

వాదం కొత్తది కాదు. 17వ శతాబ్దపు ఇంగ్లీషు తత్త్వవేత్త థామస్ హాబ్స్ ఒకనాడు లండన్ వీధిలో ఒక ముసలి బిచ్చగానికి డబ్బులిచ్చినాడని ఆయనను ఎరిగిన జాన్ ఆబ్రీ వ్రాసినాడు. క్రీస్తు ఆజ్ఞ లేకున్నను ఇచ్చేవారేనా అని పక్కనున్న మతాచార్యుడు అడిగినాడట. ఆ ముసలివాని దైన్యం చూచి తనకు బాధ కలిగినదనీ, ఆ డబ్బు అతని బాధతోపాటు తన బాధను కూడ తగ్గించినదనీ హాబ్స్ జవాబు. దీనికి బిషప్ జోసెఫ్ బట్లర్ 1726లో అచ్చయిన ఉపన్యాసాలలో ఒక ఎదురుమాట చెప్పినాడు. దాని సారం ఇది: పొరుగింటి పిల్లవాడు పరీక్షలో నెగ్గినాడని విని సంతోషించాలంటే, ముందుగా ఆ పిల్లవానిమీద కొంత ప్రీతి ఉండవలెను. ప్రీతి లేనివానికి ఆ సంతోషమే కలుగదు. కనుక సంతోషం ప్రీతికి ఫలమే కాని కారణం కాదు. వాదం చక్కనిదే. అయితే అది నిస్స్వార్థమైన ప్రీతి అసంభవం కాదని మాత్రమే చూపుతుంది. నిజంగా మనుష్యులలో అది ఉన్నదా అన్నది పరిశీలనవల్ల తేలవలసిన విషయం.

ఆ పరిశీలనకు పూనుకొన్న గ్రంథాలలో ముఖ్యమైనది, అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం బోధించిన సి. డేనియల్ బాట్సన్ 1991లో ప్రకటించిన 'ది ఆల్ట్రూయిజం క్వశ్చన్'. ఎదుటివాని కష్టాన్ని అతని దృష్టితో చూచి మనస్సు కరిగినప్పుడు, అతని మేలే అంతిమలక్ష్యంగా సాయం చేయాలనే కోరిక పుడుతుందని ఆయన సిద్ధాంతం. సాయం చేసినవానికి తృప్తి కలుగదని ఆయన అనలేదు. ఆ తృప్తి లక్ష్యమా, వెంట వచ్చినదా అన్నదే ప్రశ్న.

లక్ష్యం కంటికి కనబడదు. మరి ఎట్లా తేల్చడం? వేసవిలో రోజూ గ్రంథాలయానికి పోయే విద్యార్థిని తలచుకోండి. పుస్తకం కోసం పోతున్నాడా, పంకా గాలి కోసమా? అడిగితే పుస్తకమనే అంటాడు. కాని ఒకరోజు కరెంటు పోయినదనుకోండి. అప్పుడు కూడ కూర్చుని చదివితే ఒక సంగతి, లేచిపోతే ఒక సంగతి. మనస్సులోకి తొంగిచూడకుండానే, పరిస్థితిని మార్చి ప్రవర్తనను చూచి లక్ష్యాన్ని ఊహించవచ్చును. బాట్సన్ పద్ధతికి ప్రాణం ఇదే.

1981లో ప్రకటించిన ఆయన బృందం ప్రయోగంలో 44 మంది విద్యార్థినులు పాల్గొన్నారు. ఎలేన్ అనే యువతికి విద్యుదాఘాతాలు ఇస్తున్నట్లు టెలివిజన్‌లో వారికి చూపినారు. అది నటన, ముందుగా చిత్రించినది. చిన్నతనంలో గుర్రంమీదనుంచి విద్యుత్తు కంచెపై పడినందున కొద్దిపాటి ఆఘాతం కూడ తనకు భరింపరానిదని ఎలేన్ చెప్పుతుంది. రెండు ఆఘాతాల తరువాత, ఆమె స్థానంలో తాము కూర్చుంటారా అని చూచేవారిని అడుగుతారు. కొందరికి ఆ రెండూ చూచి వెళ్ళిపోయే వీలున్నది. కొందరు ఒప్పుకోకపోతే పది ఆఘాతాలూ చూడవలెను. మళ్ళీ ఇందులో సగంమందికి ఎలేన్ అభిరుచులు తమవంటివే అని, మిగిలినవారికి కావని ఒక ప్రశ్నపత్రం ద్వారా తెలియజేసినారు. తనవంటి మనిషి అంటే సహానుభూతి ఎక్కువగా ఉంటుందని ఊహ.

హాబ్స్ మాటే నిజమైతే, వెళ్ళిపోయే వీలున్నవారు సాయానికి పూనుకోకూడదు. తలుపు తెరచి ఉన్నప్పుడు బాధ తీర్చుకొనడానికి ఆఘాతాలు తినడమెందుకు? ఎలేన్ తమవంటిది కాదనుకొన్నవారిలో సరిగా అట్లే జరిగినది. వెళ్ళే వీలు లేనప్పుడు 64 శాతం ఒప్పుకొన్నారు. వీలున్నప్పుడు 18 శాతమే. కాని తమవంటిదే అనుకొన్నవారిలో, వీలు లేనప్పుడు 82 శాతం, వీలున్నప్పుడు 91 శాతం. తలుపు తెరచి ఉన్నా వారు లేవలేదు.

ఈ శాతాలను విద్యార్థులచేత ఒకసారి లెక్క వేయించడం మంచిది. 44 మందిని నాలుగు భాగాలు చేస్తే భాగానికి 11 మంది. 18 శాతమంటే ఇద్దరు; 64 అంటే ఏడుగురు; 82 అంటే తొమ్మండుగురు; 91 అంటే పదిమంది. 82కూ 91కీ మధ్య తేడా ఒక్క మనిషి. ఇద్దరికీ పదిమందికీ మధ్యనున్న తేడా మాత్రం కాకతాళీయమని కొట్టివేయరానిది. అయినా ఒకే విశ్వవిద్యాలయంలోని 44 మంది యువతులను చూచి మానవజాతి హృదయాన్ని గురించి తీర్పు చెప్పడం తొందరపాటే. ఆ సంగతి తెలిసే బాట్సన్ ఈ ఒక్కదానితో ఆగక, మరెన్నో ప్రయోగాలు చేసినాడు.

అంతకంటె గట్టి ఆక్షేపణ మరొకటి. గదినుంచి లేచిపోయినంతమాత్రాన జ్ఞాపకం లేచిపోదు. ఎలేన్ ముఖం ఆ రాత్రి కళ్ళముందు మెదలుతుందనే భయంతోనే ఒప్పుకొన్నారనవచ్చును. ఈ సందేహాన్ని స్టాక్స్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన పనిలో పరీక్షించినారు. చూచినది త్వరలో మరచిపోతారని నమ్మించినప్పుడు కూడ సహానుభూతి కలిగినవారు సాయం మానలేదు.

రాబర్ట్ చియాల్డినీ అనే మరొక మనస్తత్వవేత్త వేసిన ప్రశ్నలు బాట్సన్‌కు ఎక్కువ పని కల్పించినవి. సహానుభూతితోపాటు విచారం కూడ కలుగుతుంది. ఆ విచారం పోగొట్టుకొనడానికే సాయమని ఆయన 1987లో వాదించినాడు. బాట్సన్ బృందం 1989లో దీనికి జవాబుగా, ఏమీ చేయకపోయినా మనస్సు తేలికపడే ఏర్పాటు ఉన్నదని కొందరికి ముందే చెప్పి చూచినది. సహానుభూతి కలవారి సాయం తగ్గలేదు. చియాల్డినీ వదలలేదు. 1997లో ఆయన బృందం, సహానుభూతి అనిపించేది నిజానికి ఎదుటివానిలో తననే చూచుకొనడం అన్నది. ఎలేన్ తనవంటిది అని చెప్పినప్పుడు పెరిగినది దయా, ఏకత్వభావమా? 1981 ప్రయోగానికి ఇది నేరుగా తగిలే దెబ్బ.

భర్త, భార్య, బిడ్డలు ప్రియమైనది వారి కోసం కాదు, ఆత్మ కోసమే అని బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన మాట ఇక్కడ కొందరికి గుర్తుకు రావచ్చును. దానిని స్వార్థవాదానికి సాక్ష్యంగా తెచ్చేవారు పొరబడుతున్నారు. అక్కడ ఆత్మ అన్నది ఒకరిది కాదు. 'నేను' అన్న గీత చెరిగిన తరువాత స్వార్థమనే మాటకు అర్థమేమి మిగులుతుంది? చియాల్డినీ వాదానికి కూడ ఇదే చిక్కు.

జీవశాస్త్రాన్ని ఇందులోకి ఈడ్చడం మరొక పొరపాటు. 1964లో డబ్ల్యు. డి. హామిల్టన్ బంధుత్వాన్ని లెక్కగట్టి వివరించిన పరార్థం, సంతానసంఖ్యకు సంబంధించినది. కుట్టి ప్రాణం విడిచే తేనెటీగకు ఉద్దేశమే ఉండనక్కరలేదు.

బాట్సన్ గ్రంథంలోని అసలు బలహీనత, ఆయన పద్ధతి ఏరివేసే పద్ధతి కావడం. ఒక్కొక్క స్వార్థకారణాన్ని పరీక్షించి కాదని, మిగిలినది పరార్థమంటాడు. జాబితా పూర్తయినదని ఎవరు చెప్పగలరు? కాని ఇందులో ఒక లాభమున్నది. ఇకమీద స్వార్థమే అనదలచినవారు, ఏ స్వార్థమో పేరు పెట్టి, దానిని పరీక్షకు ఒప్పజెప్పవలెను. మొదట చెప్పిన తృప్తివాదం ఆ పని ఏనాడూ చేయలేదు.

తన సిద్ధాంతానికి అనుకూలం కాని ఫలితాలను బాట్సన్ దాచలేదు. ఆఘాతాలు బాగా నొప్పి పెట్టేవని తెలిసినప్పుడు, సహానుభూతి కలవారు కూడ వీలుంటే తప్పుకొన్నారని 1983లో ఆయన బృందమే ప్రకటించినది. గ్రంథం వెలువడిన తరువాత, 1995లో, ఇంకొక ప్రయోగం జరిగినది. ప్రాణాంతకమైన వ్యాధితో చికిత్సకు ఎదురుచూచే షెరీ అనే పదేళ్ళ పిల్ల మాటలు వినిపించి, ఆమెను వరుసలో ముందుకు జరుపుతారా అని అడిగినారు. జరిపితే ఆమెకంటె అవసరమైనవారో, ముందే వచ్చినవారో వెనుకబడతారని తెలిపినారు. తటస్థంగా వినమన్నవారిలో జరిపినవారు మూడింట ఒక వంతు. ఆమె మనస్సును ఊహించుకొంటూ వినమన్నవారిలో వారు ముప్పాతికకు దగ్గరగా తేలినారు. ఆ వరుసలో ముందున్న పిల్లల గొంతు ఎవరికీ వినిపించలేదు.